గోడ మీద యాంటెన్నా: కార్డ్‌లెస్ మైకులకు చోటు, కేబుల్, సర్దుబాటు

కార్డ్‌లెస్ మైక్ రిసీవర్‌తో పాటు వచ్చే రెండు పొట్టి యాంటెన్నాలు, రిసీవర్ వేదిక పక్కనే మైకులకు ఎదురుగా ఉన్నంతవరకు సరిపోతాయి. రిసీవర్లను ఇనుప ర్యాక్‌లో బిగించి, ఆ ర్యాక్‌ను హాలు చివరి కంట్రోల్ రూములోకో, వేదిక వెనక మెట్ల కిందికో చేర్చగానే చిక్కు మొదలవుతుంది. కల్యాణ మండపంలో పురోహితుడి కాలర్ మైక్ మంత్రం మధ్యలో తెగుతుంది. పరిషత్తు నాటకంలో నటుడు వెనక్కి తిరిగిన క్షణాన డైలాగు సగమే వినిపిస్తుంది. మైక్ పాడైందని ఒకరంటారు, బ్యాటరీ అయిపోయిందని ఇంకొకరంటారు. చాలాసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి. యాంటెన్నాకు మైక్ కనిపించడం లేదు, అంతే.

దీనికి మందు, యాంటెన్నాలను రిసీవర్ నుంచి విడదీసి, వేదిక కనిపించే గోడకు బిగించి, కోయాక్సియల్ కేబుల్‌తో రిసీవర్‌కు కలపడం. పని చిన్నదే. అయితే ఈ పని చేసేవారిలో చాలామంది చూపు యాంటెన్నా మీదున్న, సిగ్నల్‌ను పెంచే గెయిన్ స్విచ్ దగ్గరే ఆగిపోతుంది. సిగ్నల్‌ను నిజంగా బాగుచేసేది చోటు. గెయిన్ చేయగలిగింది కేబుల్‌లో పోయినదాన్ని పూడ్చడం వరకే. ఈ వరస తలకిందులైనప్పుడు, ఖరీదైన యాంటెన్నా బిగించాక కూడా మైకులు తెగుతూనే ఉంటాయి.

సిగ్నల్ ఎందుకు తెగుతుంది

సభలకూ నాటకాలకూ వాడే మంచి కార్డ్‌లెస్ మైకుల్లో ఎక్కువభాగం యూహెచ్‌ఎఫ్ పరిధిలో, 470 నుంచి 700 మెగాహెర్ట్జ్ లోపు పనిచేస్తాయి. తరంగం పొడవు మీటర్లలో తెలియాలంటే 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే చాలు. 500 దగ్గర 60 సెంటీమీటర్లు, 600 దగ్గర 50 సెంటీమీటర్లు వస్తుంది. ఇందులో సగం, పావు కొలతలు ఈ పనిలో పదేపదే అవసరపడతాయి కాబట్టి సగం అంటే సుమారు అడుగు, పావు అంటే సుమారు అర అడుగు అని గుర్తుంచుకుంటే టేపు లేకపోయినా పని నడుస్తుంది.

చేతి మైక్ గానీ, కాలర్ మైక్‌కు ఉండే బెల్టు ప్యాక్ గానీ పంపే శక్తి సాధారణంగా 10 నుంచి 50 మిల్లీవాట్లు మాత్రమే. దూరం రెట్టింపైన ప్రతిసారీ అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. డెసిబెల్ లెక్కలో అది 6 తగ్గడం. అంటే వేదికకు 5 మీటర్ల దూరంలో ఉన్న యాంటెన్నాను 20 మీటర్ల దూరానికి తీసుకెళితే 12 డెసిబెల్ పోయినట్టే. పదహారో వంతే మిగులుతుంది. దీనికి మనిషి ఒళ్లు తోడవుతుంది. నీరు నిండిన శరీరం యూహెచ్‌ఎఫ్ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. బెల్టు ప్యాక్‌ను నడుము వెనక పెట్టుకున్న వక్త యాంటెన్నాకు ఎదురుగా నిలబడితే అతని శరీరమే అడ్డుగోడ అవుతుంది. పెళ్లిళ్లలో వేదిక ముందు ఫొటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు, బంధువులు గుమిగూడినప్పుడు సిగ్నల్ పడిపోవడానికి కారణమూ ఇదే.

ఇంకో కారణం కంటికి కనిపించదు. మైక్ నుంచి బయలుదేరిన తరంగం నేరుగా యాంటెన్నాకు చేరుతుంది. దాంతోపాటు ఇనుప ట్రస్‌కు, ఏసీ డక్ట్‌కు, కాంక్రీటు గోడకు తగిలి తిరిగివచ్చిన తరంగాలూ చేరతాయి. రెండు దారుల్లో వచ్చినవి ఒకదానికొకటి ఎదురైన చోట సిగ్నల్ దాదాపు సున్నా అవుతుంది. ఇలాంటి గుంటలు హాలంతా పరుచుకుని ఉంటాయి. మైక్‌గానీ యాంటెన్నాగానీ అర అడుగు జరిగినా గుంట దాటిపోవచ్చు, కొత్త గుంటలో పడవచ్చు. రిసీవర్‌కు రెండు యాంటెన్నాలు పెట్టేది అందుకే. ఒకటి గుంటలో ఉన్నప్పుడు రెండోదానికి సిగ్నల్ అందే అవకాశం ఎక్కువ. రిసీవర్ బాగున్నదాన్ని ఎంచుకుంటుంది, లేదా రెండింటినీ కలిపి వాడుకుంటుంది. డైవర్సిటీ అనే మాటకు అర్థం ఇదే. రెండు యాంటెన్నాలలో ఒకదాని కేబుల్ ఊడిపోయినా మైక్ పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు కూడా.

యాంటెన్నా ఎంపిక

యాంటెన్నా కొనేముందు చూడవలసింది రిసీవర్ ఏ పౌనఃపున్యంలో పనిచేస్తుందన్నది. ఇది మైక్ మీద, రిసీవర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. యాంటెన్నా పరిధి దాన్ని పూర్తిగా కప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే చవక డిజిటల్ మైకులకు యూహెచ్‌ఎఫ్ యాంటెన్నాలు పనికిరావు.

మైకులు ఎక్కువ ఉన్న చోట గోడకు బిగించడానికి ఎక్కువగా వాడేది తెడ్డు ఆకారంలో ఉండే పాడిల్ యాంటెన్నా. షార్క్‌ఫిన్ అని కూడా పిలుస్తారు. దీని లోపల చిన్నవి మొదలు పెద్దవి వరకు వరసగా పేర్చిన కడ్డీల అమరిక ఉంటుంది. లాగ్ పీరియాడిక్ అనే ఈ అమరికను 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపొందించారు. ఒకప్పుడు మిద్దెల మీద కనిపించిన దూరదర్శన్ యాంటెన్నా కొన్ని చానళ్లకే కుదిరేది. ఇది వందల మెగాహెర్ట్జ్ పరిధి మొత్తంలో ఒకేలా పనిచేస్తుంది. ముందువైపు నుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటుంది, వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. ముందువైపు అంటే సన్నగా ఉండే కొన. ఇది తెలియక వెడల్పు వైపును వేదికకు చూపించి బిగించిన యాంటెన్నాలు తక్కువేమీ కాదు. చాలా కంపెనీలు బాణం గుర్తు వేస్తాయి, బిగించే ముందు దాన్ని వెతకాలి.

ఇంకో రకం పలకలా ఉండి గోడకు అంటుకుపోయేది. చర్చిల్లో, కాన్ఫరెన్స్ హాళ్లలో అందం చెడకూడదనుకునే చోట దీన్ని వాడతారు. దాని మీద రంగు వేయదలిస్తే లోహపు పొడి కలిసిన బంగారు, వెండి రంగులు వేయకూడదు. అన్ని వైపులా ఒకేలా పనిచేసే కడ్డీ యాంటెన్నా గోడకు తగదు. వేదికతో పాటు వెనకనున్న జనరేటరు, ఎల్‌ఈడీ తెర, పక్క హాలు మైకులు కూడా దానికి సమానంగా వినిపిస్తాయి.

యాక్టివ్, పాసివ్ అని రెండు తరహాలు దొరుకుతాయి. యాక్టివ్ యాంటెన్నాలో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి కరెంటు, ఎక్కువగా 12 వోల్టుల డీసీ, రిసీవర్ నుంచో, సిగ్నల్‌ను పలు రిసీవర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచో అదే కోయాక్సియల్ కేబుల్‌లో వెళుతుంది. కేబుల్ దూరం తక్కువైతే పాసివ్ యాంటెన్నాయే మేలు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

దేశంలో ఏ పౌనఃపున్యం

గోడ యాంటెన్నాతో తీరని సమస్య ఒకటుంది. అది తప్పు బ్యాండ్‌లో ఉన్న మైక్. మన దేశంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంత భాగాన్ని 2022 వేలంలో జియో కొని 5జీకి వాడుతోంది. ఈ బ్యాండ్‌లో ఫోన్లు 703–748లో పంపుతాయి, టవర్లు 758–803లో పంపుతాయి. పాత యూహెచ్‌ఎఫ్ మైకుల్లో ఈ పరిధిలోవి ఇంకా వాడకంలో ఉన్నాయి. అలాంటి మైక్‌కు మంచి యాంటెన్నా పెడితే టవర్ సిగ్నల్ కూడా అంతే బాగా అందుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 902–928 మెగాహెర్ట్జ్ మైకులది ఇంకో కథ. అక్కడ ఆ బ్యాండ్ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఇక్కడ 890–915 మొబైల్ ఫోన్లు పంపే పరిధి. హాల్లో ఐదువందల ఫోన్లు ఉంటే మైక్ గతి ఊహించుకోవచ్చు.

470–600 మధ్య పరిస్థితి కొంత నయం. దూరదర్శన్ భూతల ప్రసార కేంద్రాలను చాలావరకు మూసేయడంతో అక్కడ ఖాళీ ఎక్కువ. అయినా ఆ పరిధిలో మైకులు వాడటానికి నియమాలున్నాయి. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం వాటిని చూస్తుంది. శాశ్వత హాలుకు మైకులు కొనేవారు ఆ నియమాలను అమ్మకందారు మాట మీద కాక కాగితం మీద చూసుకోవాలి.

చోటు ఎంచుకోవడం

డ్రిల్లింగ్ మెషీన్ చేతిలోకి తీసుకునే ముందు చేయవలసిన పని ఎక్కువ. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కల్యాణ మండపాన్ని తీసుకుందాం. వేదిక ఒక చివర, కంట్రోల్ రూము ఇంకో చివర. మొదట తట్టే ఆలోచన కంట్రోల్ రూము బయటి గోడకే యాంటెన్నాలు బిగిస్తే కేబుల్ మిగులుతుందని. అలా చేస్తే యాంటెన్నాకూ వేదికకూ మధ్య పాతిక మీటర్ల దూరం, కొన్ని వందల మంది జనం ఉంటారు. వేదికకు 5 నుంచి 8 మీటర్ల దూరంలో, హాలు పక్క గోడల మీద ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి పెట్టి కేబుల్ పొడవు పెంచుకోవడమే మంచిది. కేబుల్‌లో పోయే సిగ్నల్‌ను లెక్కగట్టి పూడ్చవచ్చు. జనంలో పోయే సిగ్నల్ ఎంతో ముందుగా చెప్పలేం.

ఎత్తు నేల నుంచి రెండున్నర నుంచి మూడు మీటర్లు ఉంటే నిలబడిన జనం తలల మీదుగా వేదిక కనిపిస్తుంది. అంతకంటే పైకి, ఫాల్స్ సీలింగ్ దాకా వెళ్లనక్కర్లేదు. అక్కడ ఏసీ డక్ట్, లైటింగ్ వైర్లు, సీలింగ్‌ను పట్టుకున్న జీఐ చట్రం ఉంటాయి. కనిపించకుండా ఉండాలని యాంటెన్నాను ఫాల్స్ సీలింగ్ లోపల దాచడం కొందరి అలవాటు. జిప్సం బోర్డు ఒక్కటే అయితే తరంగాలు దాన్ని దాటుతాయి గానీ, దాని పైన వేడి ఆపడానికి పరిచిన అల్యూమినియం రేకు దూది ఉంటే దారి మూసుకుపోయినట్టే. ఈమధ్య ఫంక్షన్ హాళ్ల గోడలకు విరివిగా వేస్తున్న ఏసీపీ షీట్లదీ అదే తంతు. చూడటానికి ప్లాస్టిక్ పలక, నిజానికి ప్లాస్టిక్‌కు రెండు వైపులా అల్యూమినియం పొరలు. ఏసీపీ వెనక యాంటెన్నా పెట్టకూడదు. దాని ముందు పెట్టేటప్పుడు బ్రాకెట్‌తో కనీసం అడుగు దూరం ముందుకు తేవాలి. కర్ర పలక, ప్లైవుడ్, పరదా గుడ్డ, పూల అలంకరణ పెద్దగా అడ్డురావు.

వేదిక వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఇప్పుడు మామూలైంది. దాని పవర్ సప్లైలు, డేటా వైర్లు యూహెచ్‌ఎఫ్‌లో గట్టి రొద పుట్టిస్తాయి. యాంటెన్నాను తెర వెనక పెట్టడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. తెరకు ఎదురుగా చూపడమూ మంచిది కాదు. పక్క గోడ నుంచి వేదికను అడ్డంగా చూసేలా పెడితే మైకులు యాంటెన్నా ముందు ఉంటాయి, తెర దాని చూపుకు పక్కకు పడుతుంది. కొన్ని హాళ్లలో ఈ ఒక్క మార్పుతోనే సగం సమస్య తీరుతుంది.

మరీ దగ్గరకూ పోకూడదు. మైక్ పట్టుకున్న గాయని రెండడుగుల దూరంలోకి వస్తే యాంటెన్నాలోని యాంప్లిఫయర్ తట్టుకోలేదు. అన్ని మైకుల నుంచీ యాంటెన్నాకు కనీసం 3 మీటర్లు ఉండేలా చూడాలి. వేదిక మీద గాయకుల చెవి మానిటర్లకు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ ఉంటే దాని యాంటెన్నాకూ ఇదే దూరం పాటించాలి. ఆ రెండింటినీ ఒకే బ్రాకెట్ మీద పెట్టడం చూడ్డానికి పొందికగా ఉంటుంది, పనికి మాత్రం చేటు.

రెండు యాంటెన్నాల మధ్య దూరం ఎంతన్నది అందరూ అడిగే ప్రశ్న. పావు తరంగం, అంటే అర అడుగు దూరం కంటే తగ్గకూడదన్నది కింది హద్దు. ఒకే గోడ మీద రెండూ పెట్టవలసి వస్తే ఒకటి నుంచి మూడు మీటర్ల ఎడం చక్కగా సరిపోతుంది. ఎదురెదురు గోడల మీద పెడితే ఇంకో లాభం ఉంది. వక్త ఏ వైపు తిరిగినా అతని శరీరం ఒక యాంటెన్నాకే అడ్డం వస్తుంది, రెండోది చూస్తూనే ఉంటుంది.

ఇలా అనుకున్న చోటును గోడ తొలచకముందే పరీక్షించవచ్చు. పాడిల్ యాంటెన్నాలలో చాలావాటికి మైక్ స్టాండుకు సరిపోయే మర ఉంటుంది. వాటిని ఎత్తైన స్టాండుకు తగిలించి, గోడ పక్కన నిలబెట్టి, తాత్కాలిక కేబుల్ వేసి మైక్‌తో వేదికంతా నడిచి చూడాలి. ఈ అరగంట పని తర్వాతి రెండు రోజుల పనిని తప్పిస్తుంది.

కేబుల్ లెక్క

కార్డ్‌లెస్ మైక్ వ్యవస్థలకు 50 ఓముల కోయాక్సియల్ కేబుల్ వాడతారు, రెండు చివరలా బీఎన్‌సీ కనెక్టర్లు ఉంటాయి. కేబుల్ సన్నబడేకొద్దీ నష్టం పెరుగుతుంది. 500–600 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌లో సుమారు 10 నుంచి 12 డెసిబెల్ పోతుంది. అంటే యాంటెన్నా పట్టుకున్నదాంట్లో పదో వంతు లేదా అంతకంటే తక్కువే రిసీవర్‌కు చేరుతుంది. అదే పొడవుకు ఎల్‌ఎంఆర్-240లో సుమారు 6, ఎల్‌ఎంఆర్-400లో సుమారు 3 డెసిబెల్ పోతుంది. ఎల్‌ఎంఆర్-400 చిటికెన వేలంత లావుండి మూలల దగ్గర ఓ పట్టాన వంగదు. 10 మీటర్ల లోపు పనికి ఆర్‌జీ-58 చాలు. 15 మీటర్లు దాటితే ఎల్‌ఎంఆర్-240, 30 దాటితే ఎల్‌ఎంఆర్-400 అనుకుంటే పొరపాటు జరగదు.

ప్రతి ఊళ్లో దొరికే కేబుల్ టీవీ వైరు, ఆర్‌జీ-6, సంగతేమిటి? అది 75 ఓములది కాబట్టి పనికిరాదని పుస్తకాల్లో రాస్తారు. నిజానికి 50, 75 తేడా వల్ల ఒక్కో కలయిక దగ్గర పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. 30 మీటర్లకు ఆర్‌జీ-6 నష్టం సుమారు 5 డెసిబెల్. ఈ లెక్కన సన్నని ఆర్‌జీ-58 కంటే ఇదే నయం. దాని అసలు బలహీనత కనెక్టర్లలో ఉంది. మరతో బిగించే ఎఫ్ కనెక్టర్‌కు బీఎన్‌సీ అడాప్టర్ తగిలిస్తే ఆ కీలు కదిలినప్పుడల్లా సిగ్నల్ ఊగుతుంది. శాశ్వతమైన పనికి 50 ఓముల కేబులే వేయాలి. రేపు ఉదయం ముహూర్తం, ఈ రాత్రికి కేబుల్ కావాలన్నప్పుడు ఆర్‌జీ-6తో గట్టెక్కవచ్చు.

రిసీవర్లు రెండు మూడు ఉన్నచోట ఒక్కో రిసీవర్‌కు జత యాంటెన్నాలు గోడకెక్కించనక్కర్లేదు. ఒకే జతను యాంటెన్నా డిస్ట్రిబ్యూటర్ ద్వారా నాలుగింటికి పంచవచ్చు. దానికి బదులు బీఎన్‌సీ టీ ముక్కతో రెండుగా చీల్చడం తప్పు. కరెంటు అవసరం లేని పాసివ్ స్ప్లిటర్ రెండుగా పంచితే 3 డెసిబెల్‌కు కాస్త పైన, నాలుగుగా పంచితే 6కు పైన నష్టపోతుంది. అది యాక్టివ్ యాంటెన్నాకు వెళ్లే డీసీని దాటనిస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

గెయిన్

యాక్టివ్ యాంటెన్నాల మీద 0, 6, 12 డెసిబెల్ లాంటి మెట్లతో స్విచ్ ఉంటుంది. కొన్నింటికి తగ్గించే మెట్టు కూడా ఉంటుంది. నియమం ఒక్కటే: కేబుల్, స్ప్లిటర్ కలిసి తినేసినంత మాత్రమే తిరిగి ఇవ్వాలి. 30 మీటర్ల ఆర్‌జీ-58కు 12 మెట్టు సరి. అదే దూరానికి ఎల్‌ఎంఆర్-400 వేసి ఉంటే 0 దగ్గరే ఉంచవచ్చు, 3 డెసిబెల్ నష్టాన్ని రిసీవర్ గమనించదు కూడా.

ఎక్కువ పెడితే ఏమవుతుంది? యాంప్లిఫయర్‌కు మైక్ సిగ్నల్, రొద అన్న తేడా తెలియదు, రెండింటినీ పెంచుతుంది. రిసీవర్ మీటరులో గీతలు పెరుగుతాయి, చూసేవాళ్లకు సంతోషంగా ఉంటుంది. సిగ్నల్‌కూ రొదకూ మధ్య ఎడం మాత్రం పెరగదు. పైపెచ్చు బలమైన సిగ్నళ్లు యాంప్లిఫయర్‌ను ముంచెత్తినప్పుడు లేని పౌనఃపున్యాలు పుడతాయి. 520, 521 మెగాహెర్ట్జ్‌లలో రెండు మైకులు పనిచేస్తుంటే 519, 522 దగ్గర దొంగ సిగ్నళ్లు తలెత్తుతాయి. మూడో మైక్ 522లో ఉంటే దానికి రొద మొదలవుతుంది. మైకుల పౌనఃపున్యాల మధ్య ఎడాలు సమానంగా ఉండకూడదని చెప్పేది ఇందుకే.

యాంప్లిఫయర్ యాంటెన్నా దగ్గరే ఉండాలి, రిసీవర్ దగ్గర కాదు. కేబుల్ దాటి బలహీనపడిన సిగ్నల్‌ను అక్కడ పెంచితే, అప్పటికే దాన్ని అందుకున్న రొద కూడా అంతే పెరుగుతుంది.

బిగించడం

యాంటెన్నా బరువు సాధారణంగా అరకిలోకు మించదు కాబట్టి ఇటుక గోడకు, కాంక్రీటుకు ప్లాస్టిక్ ప్లగ్, స్క్రూ చాలు. తేలికపాటి ఏఏసీ ఇటుకల గోడలో మామూలు ప్లగ్ వదులైపోతుంది. ఆ ఇటుకలకని అమ్మే ప్లగ్ తీసుకోవాలి. జిప్సం గోడైతే వెనకున్న చట్రానికి గానీ, ముందుగా వేసిన ప్లైవుడ్ ముక్కకు గానీ బిగించాలి. తొలిచే చోట గోడలో కరెంటు పైపు లేదని స్విచ్ బోర్డుల వరసను బట్టి ముందే చూసుకోవాలి. బ్రాకెట్ అన్ని వైపులా తిరిగేది కావాలి. బిగించాక కదలనిది చవకగా దొరికినా వద్దు, ఎందుకంటే అసలు పని బిగించాకే ఉంది.

కేబుల్‌ను పీవీసీ పైపులో వేయవచ్చు. మూలల్లో దాని మందానికి పదింతల వ్యాసార్ధం కంటే తక్కువలో వంచకూడదు. మేకు క్లిప్పులతో నొక్కి పట్టినా, కేబుల్ టైలు తెగబిగించినా లోపలి ఇన్సులేషన్ నలిగి ఆ చోట నష్టం పెరుగుతుంది. లైటింగ్, ఎల్‌ఈడీ వైర్లతో పక్కపక్కన సాగనివ్వకుండా, దాటవలసిన చోట అడ్డంగా దాటించాలి. యాంటెన్నా చివర అడుగు రెండడుగుల వదులు ఉంచితే తర్వాత తిప్పుకోవడానికి వీలుంటుంది. రెండు వైపులా ఒకే రకం కేబుల్ వాడి, నష్టం దాదాపు సమానంగా ఉండేలా చూడాలి. ఆరుబయట వేదికల దగ్గర యాంటెన్నా అన్నిటికంటే ఎత్తైన వస్తువు కాకూడదు. ఉరుములు మొదలైతే కేబుళ్లు రిసీవర్ నుంచి తీసేయాలి.

కనెక్టర్లు వేశాక, యాంటెన్నా తగిలించకముందే మల్టీమీటర్‌తో చూడాలి. ఈ చివర పిన్నుకూ ఆ చివర పిన్నుకూ సంబంధం ఉండాలి, పిన్నుకూ పైతొడుగుకూ మధ్య ఉండకూడదు. పైతొడుగు అల్లికలోని తీగ ఒక్కటి పిన్నుకు తగిలినా డీసీ షార్ట్ అవుతుంది. తర్వాత డిస్ట్రిబ్యూటర్ ఆన్ చేసి, యాంటెన్నా చివర 12 వోల్టులు చేరుతున్నాయో కొలవాలి. డీసీ అందితే చాలా యాక్టివ్ యాంటెన్నాలలో చిన్న దీపం వెలుగుతుంది. పాసివ్ యాంటెన్నాలు కొన్ని డీసీకి షార్ట్‌లా కనిపిస్తాయి కాబట్టి వాటికి కలిపేటప్పుడు రిసీవర్‌లో యాంటెన్నా పవర్‌ను ఆపేయాలి.

సర్దుబాటు

మొదట మైకులన్నీ ఆపి, హాల్లో మిగతావన్నీ వెలిగించాలి: ఎల్‌ఈడీ తెర, లైట్లు, ఏసీలు, వీడియో పరికరాలు. ఇప్పుడు రిసీవర్లలో సిగ్నల్ బలాన్ని చూపే ఆర్‌ఎఫ్ మీటర్లలో ఏమీ కనిపించకూడదు. ఒకటి రెండు గీతలు వెలుగుతుంటే అది రొద. అయితే గెయిన్ ఎక్కువైంది, లేదా యాంటెన్నా తెరను చూస్తోంది, లేదా ఆ పౌనఃపున్యంలో ఇంకెవరో ఉన్నారు. గెయిన్ ఒక మెట్టు తగ్గించినా గీతలు పోకపోతే రిసీవర్‌లోని స్కాన్ నడిపి ఖాళీ పౌనఃపున్యానికి మారాలి. తెర ఆపి స్కాన్ చేయడం వల్ల ఉపయోగం లేదు, కార్యక్రమం తెర వెలిగినప్పుడే జరుగుతుంది.

తర్వాత యాంటెన్నాల వాలు. తరంగానికి నిలువు, అడ్డం అనే దిశ ఉంటుంది. చేతి మైక్‌ను గాయకులు ఏటవాలుగా పడతారు, బెల్టు ప్యాక్ వైరు నిలువుగా వేలాడుతుంది, కూచిపూడి నర్తకి వంగినప్పుడు అది అడ్డం తిరుగుతుంది. అందుకని ఒక యాంటెన్నాను ఎడమకు 45 డిగ్రీలు, రెండోదాన్ని కుడికి 45 డిగ్రీలు వాల్చి బిగిస్తారు. రెండింటి కొనలూ వేదిక మధ్యకు, మైక్ పట్టుకునే ఎత్తుకు చూపుతూ కాస్త కిందికి వంగి ఉండాలి.

ఇక నడక. ఒకరు మైక్‌తో వేదికంతా, మెట్లు, మండపం మూలలు, వధూవరులు నడిచొచ్చే దారి, అన్నీ తిరగాలి. ఇంకొకరు రిసీవర్ దగ్గర రెండు యాంటెన్నాల ఏ, బీ మీటర్లు చూడాలి. చేతి మైక్‌తో ఈ పరీక్ష తేలిగ్గా గట్టెక్కుతుంది. కాబట్టి బెల్టు ప్యాక్‌ను నడుము వెనక పెట్టుకుని, యాంటెన్నాలకు ఎదురుగా నిలబడి, తక్కువ పవర్ మీద పరీక్షించాలి. రెండు మీటర్లూ ఒకేసారి పడిపోయిన ప్రతిచోటా సుద్దతో గుర్తు వేయాలి. ఒకటి మాత్రమే పడితే పట్టించుకోనక్కర్లేదు, రెండోది ఉన్నదే అందుకు. గుర్తులు ఒకే మూల గుమికూడితే దగ్గరి యాంటెన్నాను ఆ మూలకు కొంచెం తిప్పాలి. చెల్లాచెదురుగా ఉంటే ఒక యాంటెన్నాను అడుగు జరపడం మేలు. ఒక వైపు మీటరు ఎప్పుడూ రెండోదానికంటే బాగా తక్కువగా ఉంటే యాంటెన్నాను అనుమానించే ముందు ఆ కేబుల్‌నూ కనెక్టర్‌నూ అనుమానించాలి.

ఖాళీ హాలులో కనీస గీతల మీద నడిచే మైక్, నిండిన హాలులో నడవదు. ఖాళీగా ఉన్నప్పుడు అన్నిచోట్లా 10 డెసిబెల్ మిగులు ఉంటేనే పని అయినట్టు. డిజిటల్ మైకుల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అనలాగ్ మైక్ తెగేముందు గరగరమని హెచ్చరిస్తుంది, డిజిటల్ మైక్ ఉన్నట్టుండి మూగబోతుంది.

చివరి పరీక్షకు మైకులన్నీ ఒకేసారి ఆన్ చేసి వేదిక మీద అడుగున్నర ఎడంగా పెట్టాలి. ఒక్కోదాన్ని ఆపుతూ దాని రిసీవర్ చూడాలి. ఆపిన మైక్ మీటరులో ఇంకా సిగ్నల్ కనిపిస్తే మిగతా మైకులు కలిసి దొంగ సిగ్నల్ పుట్టిస్తున్నాయన్నమాట. పౌనఃపున్యం మార్చాలి, లేదా గెయిన్ దించాలి. సిగ్నల్ బలహీనపడినప్పుడు శబ్దాన్ని మూసేసే స్క్వెల్చ్‌ను ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఉంచాలి. యాంటెన్నా తప్పును దానితో దాచడానికి పెంచితే గరగర తగ్గుతుంది, అందే దూరమూ తగ్గుతుంది.

అన్నీ కుదిరాక బ్రాకెట్ మరలు గట్టిగా బిగించి, యాంటెన్నా వాలును గోడ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి, గెయిన్ మెట్టు, కేబుల్ రకం, పొడవు, మైకుల పౌనఃపున్యాలు ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అంటించాలి. సున్నాలు వేసేవాళ్లు, పూల అలంకరణ చేసేవాళ్లు యాంటెన్నాను పక్కకు తిప్పడం ప్రతి హాలులోనూ జరిగేదే. కాగితం ఉంటే ఐదు నిమిషాల్లో తిరిగి పెట్టవచ్చు. హాలుకు కొత్తగా ఎల్‌ఈడీ తెర వచ్చినా, గోడకు ఏసీపీ షీట్లు వేసినా, పక్కన టవర్ లేచినా స్కాన్, నడక రెండూ మళ్లీ చేయాలి. ఏమీ మారకపోయినా ఏడాదికి ఒకసారి బీఎన్‌సీ కనెక్టర్లు విప్పి చూసి, వదులైనవి, తుప్పుపట్టినవి మార్చాలి.